ఫోర్ క్యాండిల్సా, ఫోర్క్ హ్యాండిల్సా? రోనీ బార్కర్ తెలిసినవాళ్ళు ఒకసారి ఇటు రండి

రెడింగ్_రవ్వట్టు · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇవాళ ఆఫీసులో ఒకావిడ పుట్టినరోజు. కేకు తెచ్చారు, కొవ్వొత్తులు మర్చిపోయారు. కొత్తవాణ్ణి కదా, మంచితనం చూపిద్దామని నేను తెస్తానని లేచా. ఎన్ని కావాలంటే "ఫోర్" అన్నారు. "ఓకే, ఫోర్ క్యాండిల్స్" అన్నాను.

అంతే. యాభై దాటినవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నా ప్యాంటు జిప్పు ఊడిందేమోనని చూసుకున్నాను. తర్వాత ఎవరో జాలిపడి "టూ రోనీస్ అని యూట్యూబ్‌లో చూడు" అన్నారు.

ఇంటికొచ్చి మూడుసార్లు చూశాను. ఒక హార్డ్‌వేర్ షాపు, ఒక పొట్టాయన కౌంటర్ వెనక, ఒక లావాటాయన సరుకులు అడుగుతున్నాడు. సబ్‌టైటిల్స్ పెట్టుకోకపోతే అర్థం కావట్లేదు, పెట్టుకుంటే నవ్వు రావట్లేదు. కాస్త ఎవరైనా చెప్పండి.

పాత_రేడియో · శుక్రవారం రాత్రి 10:05

బాబూ, నువ్వు తెలియకుండానే ఆ దేశపు జాతీయ జోకు వేశావు.

సబ్‌టైటిల్స్‌తో నవ్వు రాకపోవడానికి కారణం ఉంది. ఆ జోకంతా చెవిలో ఉంది. లావాటాయన 'హ' పలకడు. మామూలు కూలిపని చేసుకునేవాళ్ళ యాస అది. ఆయన అడిగింది ఫోర్క్ హ్యాండిల్స్, అంటే తోటపని ఫోర్కుకి వేసే కర్రపిడులు. 'హ' ఎగిరిపోయేసరికి "ఫోర్క్ యాండిల్స్" అయింది. పొట్టాయన చెవికి ఫోర్ క్యాండిల్స్‌లా వినపడింది. నాలుగు కొవ్వొత్తులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సబ్‌టైటిల్ వేసేవాడు ఏదో ఒక స్పెల్లింగ్ రాయాలి కదా. రాసిన క్షణమే తీర్పు చెప్పేసినట్టు.

తర్వాత "ఓస్" అడుగుతాడు. షాపాయన కలుపు తీసే పార లాంటి హో తెస్తాడు. అది కాదు. నీళ్ళ పైపు, హోస్, తెస్తాడు. అదీ కాదు. చివరికి తేలేదేమంటే గేటు మీద ఇంటిపేరు రాయడానికి 'ఓ' అనే అక్షరాలు కావాలట! ఈసారి "పీస్" అంటే షాపాయన తెలివిగా 'పీ' అక్షరాల పెట్టె తీసుకొస్తాడు. ఆయనకి కావలసింది బఠానీల డబ్బాలు.

లావాటాయన రోనీ బార్కర్, పొట్టాయన రోనీ కార్బెట్. ఇద్దరూ కలిసి చేసిన బీబీసీ కామెడీ ప్రోగ్రాం టూ రోనీస్‌లో 1976 సెప్టెంబర్ 4న వచ్చింది. రాసింది కూడా బార్కరే. హేస్ అనే ఊళ్ళో హార్డ్‌వేర్ షాపు నడిపేవాళ్ళు తమ కొట్లో జరిగిన ఇలాంటి తికమక గురించి ఉత్తరం రాస్తే, దాన్నుంచి అల్లాడు. ఆయన చేత్తో రాసిన కాగితాలు 2007లో వేలం వేస్తే 48,500 పౌండ్లు పలికాయి.

కిరాణా_వారసుడు · శుక్రవారం రాత్రి 10:31

నేనిప్పుడే చూశాను. మాది తెనాలి దగ్గర కిరాణా కొట్టు. మీరందరూ లావాటాయన్ని చూసి నవ్వుతున్నారు, నాకు మాత్రం పొట్టాయన మీద జాలేసింది. బేరగాడు ముందు ఒకటి చెప్పి, తెచ్చాక "అది కాదు" అంటే ఎలా ఉంటుందో కొట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. కార్బెట్ ఒక్కసారీ అరవడు చూడండి. ప్రతిసారీ వస్తువు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కొంచెం కొంచెం పెరుగుతుంది. మా నాన్న అచ్చం అంతే. కోపం నోట్లోంచి రాదు, డబ్బా మూతలోంచి వస్తుంది.

ఓరుగల్లు_పిల్ల · శుక్రవారం రాత్రి 11:12

పాత రేడియో గారూ, ఒక డౌటు. మీరు రాసింది బార్కర్ అన్నారు. నేను చూసిన ఒక జాబితాలో జెరాల్డ్ వైలీ అని ఉంది. ఏది కరెక్టు? నేను కాలేజీ ఫ్రెండ్స్‌తో కలిసి చిన్న చిన్న కామెడీ వీడియోలు రాస్తుంటా, అందుకే రైటర్ ఎవరా అని ముందు చూస్తా.

పాత_రేడియో · శనివారం ఉదయం 6:50

అమ్మాయీ, రెండూ కరెక్టే. ఈ ప్రశ్న ఎవరు అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను. కాఫీ కలుపుకుని వచ్చి కూర్చున్నా, తీరిగ్గా చెప్తా.

1968 ప్రాంతం. డేవిడ్ ఫ్రాస్ట్ అనే ఆయన లండన్ వీకెండ్ టెలివిజన్‌లో ఆదివారం ప్రోగ్రాం చేసేవాడు. అందులో బార్కర్, కార్బెట్ నటులు. స్కెచ్‌లు బయటి రచయితలు పంపేవారు. ఒకరోజు జెరాల్డ్ వైలీ అనే ఎవరికీ తెలియని మనిషి నుంచి, బార్కర్ ఏజెంట్ ద్వారా, స్కెచ్‌లు వచ్చాయి. బాగున్నాయి. మళ్ళీ వచ్చాయి, అవీ బాగున్నాయి. మనిషి మాత్రం కనపడడు. బాగా సిగ్గరి అని చెప్పారు. ఎవరై ఉంటారని యూనిట్ అంతా ఊహాగానాలు. టామ్ స్టాపర్డ్ లాంటి పెద్ద నాటక రచయితే మారుపేరుతో రాస్తున్నాడని కొందరు నమ్మారు.

వైలీ బార్కరే. కానీ ఎంత నటించాడో చూడు. రిహార్సల్లో వైలీ స్కెచ్ చదివి "ఇది అంత బాగా కుదరలేదే" అని తనే పెదవి విరిచేవాడు. వైలీ రాసిన డాక్టర్ వెయిటింగ్ రూమ్ స్కెచ్ కార్బెట్‌కి తెగ నచ్చింది. హక్కులు కొనుక్కోమని ఎగదోసింది బార్కరే. వైలీ తరఫున మూడు వేల పౌండ్లు అడిగించిందీ బార్కరే. "మరీ అన్యాయం, అంత ఇవ్వకు" అని కార్బెట్‌కి సలహా ఇచ్చిందీ బార్కరే! చివరికి వైలీ గారు పెద్దమనసు చేసుకుని హక్కులు ఊరికే ఇచ్చేశారు. కార్బెట్ పొంగిపోయి కృతజ్ఞతగా గాజు గ్లాసుల మీద వైలీ పొడి అక్షరాలు చెక్కించి బహుమతి పంపాడు. అవి ఎవరింటికి చేరాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆఖరికి వైలీ అందర్నీ స్టూడియో ఎదురుగా ఉన్న చైనీస్ రెస్టారెంట్‌కి భోజనానికి పిలిచాడు. అందరూ వచ్చి తలుపు వైపు చూస్తున్నారు. బార్కర్ లేచి "నేనే జెరాల్డ్ వైలీని" అన్నాడు. మొదట ఒక్కడూ నమ్మలేదు.

ఎందుకిదంతా అంటే, స్టార్ రాశాడు కదా అని మొహమాటానికి ఎవరూ తన స్కెచ్ తీసుకోకూడదు. బాగుంటే తీసుకోవాలి, లేకపోతే చెత్తబుట్టలో వెయ్యాలి. అంతే.

ఓరుగల్లు_పిల్ల · శనివారం ఉదయం 9:20

వామ్మో. మేమైతే వీడియో కింద పేరు చిన్నగ పడ్డదని రెండ్రోజులు మాట్లాడుకోం.

నిద్రపట్టనివాడు · శనివారం ఉదయం 10:02

పెద్దలు క్షమించాలి. మీరంతా ఆకాశానికెత్తేస్తున్నారు కాబట్టి రెండో వైపు ఎవరో ఒకరు చెప్పాలి. నేను టూ రోనీస్ ఎపిసోడ్లు ఓ పది చూశాను. సగం ఆడవాళ్ళ ఒంటి మీద జోకులు. ఇంకో సగం నోరు తిరగని మాటలు. అదే కాలంలో జాన్ క్లీజ్ వాళ్ళు మాంటీ పైథాన్ అనే కామెడీ బృందంగా ఏం చేస్తున్నారో చూడండి. వాళ్ళది విప్లవం, వీళ్ళది ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం.

పాత_రేడియో · శనివారం ఉదయం 10:45

పప్పన్నం అన్నారు, బాగుంది. కానీ పప్పన్నం చెడగొట్టకుండా పదహారేళ్ళు వడ్డించడం తేలికనుకుంటున్నారా? 1971 ఏప్రిల్ నుంచి 1987 క్రిస్మస్ దాకా వచ్చింది ఆ ప్రోగ్రాం.

మీరన్న మొదటి మాట ఒప్పుకుంటాను. ఆడవాళ్ళ మీద వేసిన జోకుల్లో చాలావాటికి ఇవాళ నవ్వు రాదు. అప్పుడే కుర్రకారు ఎగతాళి చేశారు కూడా. 1982లో నాట్ ద నైన్ ఓ'క్లాక్ న్యూస్ అనే కామెడీ ప్రోగ్రాం వాళ్ళు 'టూ నినీస్' అని పేరడీ చేస్తే బార్కర్ బాగా నొచ్చుకున్నాడు.

క్లీజ్‌తో పోటీ పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. క్లీజ్, ఇద్దరు రోనీలూ 1966లో ఫ్రాస్ట్ రిపోర్ట్ అనే టీవీ ప్రోగ్రాంలో ఒకే వరసలో నిలబడినవాళ్ళు. తాటిచెట్టు లాంటి క్లీజ్ పై తరగతి, మధ్యలో బార్కర్ మధ్య తరగతి, చివర కార్బెట్ కింది తరగతి. ఎవరు ఎవర్ని తలెత్తి చూస్తారు, ఎవరు ఎవర్ని దించి చూస్తారు, అంతే స్కెచ్. రాసింది మార్టీ ఫెల్డ్‌మన్, జాన్ లా. ఎత్తులతోనే సమాజశాస్త్రం చెప్పేశారు. క్లీజ్, కార్బెట్‌లకి ఎత్తే పాత్ర. బార్కర్‌కి ఆ సౌకర్యం లేదు. పైవాణ్ణి చూసేటప్పుడు వినయం, కిందివాణ్ణి చూసేటప్పుడు దర్పం, మెడ తిప్పేలోపు మారాలి. ఇంకోసారి ఆయన మెడ చూడండి.

మాట_మెలిక · శనివారం మధ్యాహ్నం 12:15

ఆలస్యంగా వచ్చాను. "నోరు తిరగని మాటలు" అని తీసిపారేశారు కాబట్టి ఒక మాట. బార్కర్ ఒక సంఘం ప్రతినిధిలా కోటు వేసుకుని కెమెరా ముందు కూర్చుని, మాటలు తప్పుగా పలికే జబ్బు ఉన్నవాళ్ళ కోసం విజ్ఞప్తి చేసే స్కెచ్ ఒకటుంది. ఆయనకే ఆ జబ్బు. అక్షరాలు తారుమారవుతుంటాయి, ముఖంలో మాత్రం సర్కారు గంభీరం. నవ్వు వస్తున్నట్టు ఒక్క కండరం కదలదు.

అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఎంత అడ్డొచ్చినా అవధాని పద్యం దారి తప్పడు చూశారా, ఇదీ ఆ జాతి విద్యే. తారుమారైన ప్రతి మాటా అర్థం ఉన్న ఇంకో మాట కావాలి, అదీ కాస్త కొంటె మాట కావాలి, అసలు మాట ఏమిటో చూసేవాడికి తెలియాలి. ఇన్ని షరతులు పెట్టుకుని రెండు పేజీలు రాయమనండి.

డాంకాస్టర్_డ్యూటీ · శనివారం సాయంత్రం 6:30

నైట్ డ్యూటీ చేసి పడుకుని ఇప్పుడే లేచా. మా ఊరి సంగతి లేకుండా ఈ చర్చ ముగిస్తే ఒప్పుకోను.

బార్కర్ చేసిన ఓపెన్ ఆల్ అవర్స్ అనే సీరియల్లో కిరాణా కొట్టు బయటి దృశ్యాలన్నీ మా డాంకాస్టర్‌లోనే తీశారు. బాల్బీలో లిస్టర్ అవెన్యూ. అది నిజానికి జుట్టు కత్తిరించే సెలూన్. షూటింగ్‌కి ముందు కూరగాయల బుట్టలు, చీపుళ్ళు పెట్టి కొట్టులా మార్చేవాళ్ళు. కొత్తగా వచ్చినప్పుడు మా వార్డులో ఒక ముసలాయన, ఎప్పుడూ పలకనివాడు, నేను బాల్బీలో ఉంటున్నానని చెప్తే తలెత్తి "ఆర్క్‌రైట్ కొట్టు చూశావా?" అన్నాడు. వారం రోజుల్లో ఆయన నాతో మాట్లాడిన మొదటి ముక్క అది.

ఆ సీరియల్ రాసింది రాయ్ క్లార్క్. 1973లో సెవెన్ ఆఫ్ వన్ అని బార్కర్‌తో ఏడు విడి కథలు తీశారు. అందులోంచి రెండు పెద్ద సీరియళ్ళు పుట్టాయి. ఒకటి ఇది, రెండోది పారిడ్జ్. ఇది 1976లో బీబీసీ రెండో ఛానల్లో మొదటి విడత వచ్చి ఆగిపోయి, మళ్ళీ 1981లో మొదలై 1985 దాకా నడిచింది.

కథేముంది, పరమ పిసినారి ఆర్క్‌రైట్, ఆయన దగ్గర వెట్టిచాకిరీ చేసే మేనల్లుడు గ్రాన్‌విల్, ఎదురింటి నర్సు గ్లాడిస్ ఇమాన్యుయేల్. గ్రాన్‌విల్‌గా డేవిడ్ జేసన్. నాకు ఆ సీరియల్లో హీరో మాత్రం గల్లాపెట్టె. స్ప్రింగు బిగుతుగా ఉండి, సొరుగు లాగగానే నోరు మూసుకున్న మొసలిలా టక్కున మూసుకుంటుంది. చిల్లర తియ్యాలంటే వేళ్ళు పణంగా పెట్టాలి. ఆర్క్‌రైట్ దాన్ని ముందు దూరం నుంచి చూసి, దమ్ము తీసుకుని, చెయ్యి పెట్టి లాక్కుంటాడు.

కిరాణా_వారసుడు · శనివారం సాయంత్రం 7:02

డాక్టర్ గారూ, మీరు గల్లాపెట్టె అన్నారు, ఇక నన్ను ఆపలేరు.

మా నాన్న గల్లాపెట్టె చెక్కది. దానికి తాళం లేదు, చప్పుడే తాళం. సొరుగు లాగితే కిర్రుమని పక్క వీధికి వినిపించేది. చిన్నప్పుడు ఐస్ కోసం అర్ధరూపాయి కొట్టేద్దామని కొబ్బరినూనె రాశాను. చప్పుడు పోయింది. నాన్న సాయంత్రం సొరుగు లాగి, ఏమీ అనకుండా, నా చేతులు వాసన చూశాడు.

ఆ సీరియల్ చూడటం మొదలుపెట్టా. మూడు ఎపిసోడ్లు అయ్యాయి. ఒక బేరగాడు ఒక్క వస్తువు కోసం వచ్చి నాలుగు కొనుక్కుని ఎందుకు కొన్నాడో తెలియక వెళ్ళిపోతాడే, అది చూసి మా ఆవిడ నావైపు చూసింది. ప్రతి ఎపిసోడ్ చివర రాత్రి కొట్టు కట్టేస్తూ బయటి సామాను లోపలికి మోసుకుంటూ ఆర్క్‌రైట్ తనలో తను మాట్లాడుకుంటాడు చూడండి. అది కామెడీ కాదండీ. షట్టర్ వేసేటప్పుడు ప్రతి కొట్టువాడూ మాట్లాడుకుంటాడు.

నిద్రపట్టనివాడు · శనివారం రాత్రి 11:48

పొద్దున వెటకారంగా రాశాను, అసలు కారణం చెప్తా. నా తమ్ముడికి నత్తి ఉంది. ఆర్క్‌రైట్‌కి నత్తి పెట్టి నవ్వించారు. మన సినిమాల్లో కూడా నత్తివాడు తెర మీదకొస్తే చాలు, హాలు నవ్వడానికి రెడీ. వాడు అలాంటి సినిమాలప్పుడు నీళ్ళు తాగడానికని లేచి వెళ్ళిపోయేవాడు. కాబట్టి బార్కర్ ఎంత గొప్పవాడైనా నాకు ఆ సీరియల్ మింగుడు పడలేదు.

పాత_రేడియో · ఆదివారం ఉదయం 7:10

మీరు ఇది చెప్పినందుకు థాంక్స్. నేను బార్కర్ వకీలుని కాదు, తెలిసింది మాత్రం చెప్తాను. స్క్రిప్టులో నత్తి లేదు. అది బార్కర్ పెట్టుకున్నదే. కుర్రతనంలో నాటక కంపెనీలో పనిచేసినప్పుడు గ్లెన్ మెల్విన్ అనే నటుడు స్టేజి మీద నత్తి ఎలా చెయ్యాలో ఆయనకి నేర్పాడు. గ్రాన్‌విల్ ఆ నత్తిని వెక్కిరించే సీన్లూ ఉన్నాయి, దాచేదేం లేదు. అయితే ఆర్క్‌రైట్ సిగ్గుపడి మాట మింగడు. చెప్పదలుచుకున్నది చెప్పేదాకా వదలడు, బేరం చివరికి ఆయనే గెలుస్తాడు. ఇది మీ తమ్ముడికి ఓదార్పు అవుతుందని అనను.

డాంకాస్టర్_డ్యూటీ · ఆదివారం ఉదయం 8:25

ఇవాళైతే అలా రాయరు, రాయకూడదు కూడా. నాకు ఆ సీరియల్ ఇష్టమే. రెండూ ఒకేసారి నిజమే.

నిద్రపట్టనివాడు · ఆదివారం ఉదయం 9:00

సరే. మరి పారిడ్జ్ సంగతేంటి? దాని పేరు ఎక్కువ వింటున్నా. అందులో ఎవరికీ నత్తి లేదు కదా :)

పాత_రేడియో · ఆదివారం ఉదయం 9:55

లేదు. అది చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. నా లెక్కలో బార్కర్ నటనకి శిఖరం అదే. అది ఆయన రాసింది కాదు, డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే రాశారు. 1974 నుంచి 1977 దాకా మూడు విడతలు.

పారిడ్జ్ తినడం అంటే వాళ్ళ వీధిభాషలో జైలుశిక్ష అనుభవించడం. మనవాళ్ళు చిప్పకూడు అంటారే, అదే. ప్రతి ఎపిసోడూ జడ్జి శిక్ష చదవడంతో మొదలవుతుంది. నార్మన్ స్టాన్లీ ఫ్లెచర్, అరెస్టు కావడాన్ని వృత్తిలో మామూలుగా తగిలే దెబ్బలా తీసుకునే పాతనేరస్తుడు, ఐదేళ్ళు. ఆ జడ్జి గొంతు కూడా బార్కర్‌దే. శిక్ష వేసేదీ ఆయనే, పడేదీ ఆయనే.

నిజం జైల్లో తియ్యడానికి హోం ఆఫీస్ ఒప్పుకోలేదు. సెయింట్ ఆల్బన్స్ పాత జైలు ద్వారాన్ని స్లేడ్ జైలు గేటుగా చూపించారు. లోపలి అంతస్తుల కోసం ఈలింగ్ స్టూడియోలో, నీటి సీన్లు తీసే తొట్టిలో సెట్ వేశారు. ఎత్తు కావాలి కదా మరి.

'ఎ నైట్ ఇన్' అనే ఎపిసోడ్ ముందు చూడండి. అరగంట మొత్తం ఒక్క సెల్. పాత ఖైదీ ఫ్లెచర్, మొదటిసారి జైలుకొచ్చిన కుర్రాడు గాడ్‌బర్. దీపం ఆర్పేశాక మంచాల మీద పడుకుని మాట్లాడుకుంటారు. కుర్రాడు జైలుకి తట్టుకోలేకపోతున్నాడు. ముసలివాడు ఓదార్చినట్టు కనపడకుండా ఓదారుస్తాడు. ఇవాళ్టి రాత్రి జైల్లో లేమనుకో, ఇంట్లో ఉండిపోదామని మనమే అనుకున్నాం అంటాడు. జోకులున్నాయి, కానీ ఒక్క జోకూ ఆ చీకట్ని చెరపదు. గాడ్‌బర్‌గా చేసిన రిచర్డ్ బెకిన్‌సేల్ 1979లో, ముప్పై ఒక్క ఏళ్ళకే, గుండె ఆగి పోయాడు. అది తెలిశాక ఆ ఎపిసోడ్ ఇంకోలా ఉంటుంది.

మాట_మెలిక · ఆదివారం మధ్యాహ్నం 1:30

జైలు అంటే బూతులుండాలి, టీవీ అంటే బూతులుండకూడదు. ఆ చిక్కుని రచయితలు 'నాఫ్' అనే మాటతో విప్పారు. అప్పటిదాకా ఎక్కడో మూలన ఉన్న మాట, ఫ్లెచర్ నోట్లో పడి ఇంటింటికీ చేరింది. కోపం పూర్తిగా ఉంటుంది, బూతు ఉండదు. మన పల్లెటూళ్ళలో ముసలమ్మలు "నీ జిమ్మడ" అంటారు చూడండి, ఆ బాపతు.

ఓరుగల్లు_పిల్ల · ఆదివారం మధ్యాహ్నం 2:10

ఎ నైట్ ఇన్ చూసిన. ఏడిపించిండు. మధ్యల ఇంకో ఎపిసోడ్ల బ్లాంకో అనే ముసలి ఖైదీ కనపడ్డడు, ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే డేవిడ్ జేసన్ అట! కిరాణా కొట్ల మేనల్లుడిగ చేసినాయనే. ముప్పైల్ల ఉన్న మనిషి మేకప్ వేస్కొని ముసలోడైండు.

నాకు ఇంకో డౌటు. ఇంత చేసినోడు ఇంటర్వ్యూలల్ల ఎందుకు అంత బెరుగ్గ ఉంటడు? ఒక పాత వీడియో చూస్తే కుర్చీల ముడుచుకొని కూర్చున్నడు.

పాత_రేడియో · ఆదివారం మధ్యాహ్నం 3:00

బాగా పట్టుకున్నావమ్మా. బార్కర్‌గా నిలబడి మాట్లాడటం ఆయన వల్ల అయ్యేది కాదు. టోపీ ఉండాలి, మీసం ఉండాలి, యాస ఉండాలి. టూ రోనీస్ మొదట్లో, చివర్లో ఇద్దరూ బల్ల వెనక వార్తలు చదివేవాళ్ళలా కూర్చుంటారు చూశావా? స్టేజి మీదకొచ్చి "ఎలా ఉన్నారండీ" అని జనంతో కబుర్లు చెప్పడం ఆయనకి రాదు కాబట్టి ఆ ఏర్పాటు. కుర్చీలో కూర్చుని నేరుగా మనతో మాట్లాడుతూ దారితప్పి తిరిగే కథలు చెప్పింది కార్బెట్. అవి ముందు స్పైక్ మలిన్స్ రాశాడు, తర్వాత డేవిడ్ రెన్విక్. బార్కర్ సోలోగా వచ్చినా ఏదో శాఖ ప్రతినిధిగానో, పాదిరీగానో వస్తాడు.

మారుపేర్లూ అంతే. వైలీ ఒక్కటే కాదు. హిజ్ లార్డ్‌షిప్ ఎంటర్‌టైన్స్ అనే సీరియల్ రాసినప్పుడు జోనథన్ కాబల్డ్. చివరి సీరియల్ క్లారెన్స్, 1988లో వచ్చింది, దానికి బాబ్ ఫెరిస్.

అదృష్టం ఏమిటంటే, అంత సిగ్గరికి బీబీసీ తలుపు తెరిచింది మాత్రం ఏ వేషమూ లేని కొద్ది నిమిషాలు. ఒక బాఫ్టా అవార్డుల వేడుకలో యంత్రాలు మొరాయించి కార్యక్రమం ఆగిపోతే, ఇద్దరు రోనీలూ స్టేజి మీద ఏదో ఒకటి మాట్లాడుతూ జనాన్ని నిలబెట్టారు. ముందు వరసలో బీబీసీ పెద్దలు బిల్ కాటన్, పాల్ ఫాక్స్ ఉన్నారు. ఇద్దర్నీ కలిపి ప్రోగ్రాం చేద్దామని అప్పుడే అనుకున్నారు.

రెడింగ్_రవ్వట్టు · ఆదివారం సాయంత్రం 5:15

నేను మొదలుపెట్టి మాయమయ్యానని తిట్టుకోకండి, అన్నీ చదువుతున్నా. చిన్నప్పటి సంగతులు ఎవరూ చెప్పలేదు. సోమవారం ఆఫీసులో కొంచెం తెలిసినవాడిలా కనపడాలి.

డాంకాస్టర్_డ్యూటీ · ఆదివారం సాయంత్రం 5:50

చిటికెలో: 1929 సెప్టెంబర్ 25, బెడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. పెరిగింది ఆక్స్‌ఫర్డ్. ఆర్కిటెక్చర్‌లో చేరి మానేసి, బ్యాంకు గుమాస్తా అయి, 1948లో ఎయిల్స్‌బరీలో నాటక కంపెనీలో చేరాడు. మధ్యలో పని లేనప్పుడు ఆసుపత్రి పోర్టర్‌గా కూడా చేశాడు (మా వాడన్నమాట). తర్వాత ఆక్స్‌ఫర్డ్ ప్లేహౌస్, లండన్, రేడియోలో నేవీ లార్క్ అనే కామెడీ. తర్వాతది పైన ఉంది.

నాకు ఇష్టమైన ముక్క మాత్రం చివర్లో ఉంది. 1987తో రిటైర్ అయిపోయాడు. ఏభై ఎనిమిదేళ్ళు, పేరు దేదీప్యమానంగా ఉన్నప్పుడు. కొత్త ఆలోచనలు ఊరడం ఆగిపోయిందనిపించింది ఆయనకి. కార్బెట్‌కి ముందే చెప్పాడు, కార్బెట్ ఎక్కడా పొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఏం చేశాడో ఊహించండి. చిప్పింగ్ నార్టన్‌లో పాతసామాన్ల కొట్టు పెట్టాడు! పేరు ఎంపోరియం.

కిరాణా_వారసుడు · ఆదివారం సాయంత్రం 6:04

ఆర్క్‌రైట్ నిజంగా కౌంటర్ వెనక నిలబడ్డాడా! లాభం వచ్చిందా?

డాంకాస్టర్_డ్యూటీ · ఆదివారం సాయంత్రం 6:20

రాలేదు. కొన్నేళ్ళు నడిపి మూసేశాడు. బీబీసీలో పిసినారి కొట్టువాడిగా అంత పేరొచ్చింది, అసలు కొట్టులో నష్టం.

కిరాణా_వారసుడు · ఆదివారం సాయంత్రం 6:26

గల్లాపెట్టె మెత్తగా మూసుకునేది అయి ఉంటుంది.

పాత_రేడియో · ఆదివారం రాత్రి 8:40

రిటైరయ్యాక చాలా ఏళ్ళు కెమెరా జోలికి పోలేదు. 2002లో ద గ్యాదరింగ్ స్టార్మ్ అనే టీవీ సినిమాలో చర్చిల్ ఇంటి బట్లర్‌గా వచ్చాడు, చర్చిల్‌గా చేసింది ఆల్బర్ట్ ఫిన్నీ. మరుసటేడు మ్యాగీ స్మిత్‌తో మై హౌస్ ఇన్ అంబ్రియా. 2005లో పాత స్కెచ్‌లు చూపిస్తూ ఇద్దరు రోనీలూ మళ్ళీ ఆ బల్ల వెనక కూర్చున్నారు. క్రిస్మస్ ఎపిసోడ్ ఎండాకాలంలోనే రికార్డు చేసేశారు. అక్టోబర్ 3న ఆయన పోయాడు. డిసెంబర్‌లో అది ప్రసారమైంది.

2006 మార్చిలో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సంస్మరణ ప్రార్థన. అలాంటి ఊరేగింపులో మామూలుగా రెండు కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తారు. ఆ రోజు నాలుగు పట్టుకున్నారు.

రెడింగ్_రవ్వట్టు · ఆదివారం రాత్రి 8:52

ఫోర్ క్యాండిల్స్. ఆబీలో.

ఇప్పుడర్థమైంది ఆఫీసులో ఆయన కళ్ళెందుకు తుడుచుకున్నాడో.

మాట_మెలిక · ఆదివారం రాత్రి 9:30

కార్బెట్ 2016లో పోయినప్పుడు కూడా చర్చిలో నాలుగు కొవ్వొత్తులు వెలిగించారు.

సరే, ఇంత మాట్లాడుకున్నాం, మన భాషలో ఆ స్కెచ్ కుదురుతుందేమో చూద్దామా? నేనొక ముక్క రాశాను:

— వత్తులున్నాయా?
— ఇవిగో కొవ్వొత్తులు.
— ఇవి కాదు, వత్తులు.
— ఓ, దేవుడి దీపానికా. ఇవిగో.
— కిరసనాయిలు స్టవ్‌కయ్యా!
— ... ఇవిగో. ఇంకా?
— తాళాలు రెండు.
— చిన్నవా, పెద్దవా? చెవులు మూడొస్తాయి.
— భజనకి చెవులెందుకయ్యా?
— ... లేవు. ఇంకా?
— చెక్కలు.
— దాల్చినా, ప్లైవుడ్డా? ఈసారి ముందే అడుగుతున్నా.
— కారం ఎక్కువ ఉన్నవి.

కిరాణా_వారసుడు · ఆదివారం రాత్రి 9:41

బిళ్ళలు వదిలేశారు. బొట్టుబిళ్ళలు, కర్పూరం బిళ్ళలు, జ్వరం బిళ్ళలు, పిప్పరమెంటు బిళ్ళలు. ఒక్క బిళ్ళతో మా నాన్నని పడగొట్టొచ్చు.

పాత_రేడియో · ఆదివారం రాత్రి 9:58

బాగుంది, నవ్వాను. కానీ ఒక తేడా ఉంది. మీది శ్లేష. ఒకే మాటకి నాలుగర్థాలు. కాగితం మీద కూడా పనిచేస్తుంది. బార్కర్‌ది యాస. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతున్నారు, కానీ ఒకరి నోరు ఇంకొకరి చెవికి అందదు. తరగతి తేడా అక్కడే దూరింది. మనకి అది కావాలంటే రెండు యాసలుండాలి.

ఓరుగల్లు_పిల్ల · ఆదివారం రాత్రి 10:20

అట్లయితే నాకియ్యండి. కొట్టు తెనాలిల, బేరానికొచ్చింది మా ఓరుగల్లు నుంచి.

— అన్నా, మక్కలున్నయా?
— మొక్కలా? ఇక్కడ దొరకవమ్మా, నర్సరీకి వెళ్ళండి.
— నర్సరీల మక్కలెందుకుంటయి?
— నర్సరీలో ఇంకేముంటాయమ్మా?
— పిల్లలు.

నిద్రపట్టనివాడు · ఆదివారం రాత్రి 10:24

పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నా. తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. వాడు మక్కలు అని ఒకటి, మొక్కలు అని ఒకటి వాయిస్ మెసేజ్ పంపాడు, రెండూ ఒకేలా వినపడ్డాయి. ఏది ఏదో చెప్పమంటున్నాడు.

రెడింగ్_రవ్వట్టు · ఆదివారం రాత్రి 10:30

టీ కీబోర్డు మీద ఒలికింది. అమ్మాయిగారూ, ఇది వీడియో తియ్యండి. సబ్‌టైటిల్స్ మాత్రం వెయ్యకండి.

ఓరుగల్లు_పిల్ల · ఆదివారం రాత్రి 10:33

తీస్త. రైటర్ పేరు జెరాల్డ్ వైలీ అని వేస్త.

కిరాణా_వారసుడు · ఆదివారం రాత్రి 10:35

కొట్టు మాదే వాడుకోండి. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానన్నాడు. డైలాగు వద్దట, మూతలు చాలట.